ఇంట్లో కట్టిన ల్యాబ్, రంగత్‌లో మోగని ఫోన్

వాయిస్ నెట్‌వర్క్ పరీక్షకు చదివే పిల్లలు నెలకు ఒకరిద్దరైనా పోర్ట్ బ్లెయిర్ డిగ్నాబాద్‌లో ఉన్న మా ఇంటికి వస్తారు. "అంకుల్, ఇంట్లో ల్యాబ్ కట్టుకోవాలి. ఏమేం కొనాలో లిస్టు రాసివ్వండి" అంటారు. అసలు ఫోన్ ఎవరికి కావాలి, ఎందుకు కావాలి, కాల్ పోకపోతే ఏమవుతుంది అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. టీ తాగుతారు, మా ఆవిడ రూతమ్మ పెట్టిన జంతికలు తింటారు, లిస్టుకు ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. నాకు ఒళ్లు మండుతుంది. అయినా మొన్నటిదాకా రాసిచ్చాను.

ఇక ఇవ్వను. దాని బదులు ఇది రాస్తున్నాను. ముప్పై ఏళ్లు ఫోన్ల పని చేశాను. నాకు ఏ ఏడు ఏ పోస్టు ఇచ్చారో మీకు అనవసరం, నాకూ సరిగ్గా గుర్తు లేదు. గుర్తున్నది మధ్య అండమాన్ రంగత్‌లో ఒక క్లినిక్. అక్కడ డాక్టరు రోజూ ఉండడు, నర్సు ఉంటుంది. ఆపద వచ్చిన రోజు ఆమె ఫోన్ ఎత్తితే పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న డాక్టరుకు కాల్ పోవాలి. నా ఉద్యోగం మొత్తంలో అంతకంటే పెద్ద బాధ్యత లేదు. ఒక రోజు ఆ కాల్ పోలేదు. కారణం నేనే. నేను బద్ధకించి కాదు, బాగా చదువుకుని ఆ పని చేశాను. అది ఎలాగో చెప్పాలంటే ల్యాబ్ దగ్గర నుంచే మొదలుపెట్టాలి.

పాసవ్వాల్సింది ఎవడు

మా యజమాని అప్పారావు గారిది డెలానీపూర్‌లో చిన్న ఆఫీసు. హోటళ్లకు, క్లినిక్‌లకు, కాంట్రాక్టర్ల ఆఫీసులకు ఫోన్ వ్యవస్థలు పెట్టి మరమ్మతులు చూసే వ్యాపారం. మనిషి మంచివాడే. కానీ తనకు తెలియని పని ఎంత తేలికో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఒకనాడు పిలిచి, "ప్రసాదూ, పాత తీగల ఫోన్ల కథ ఖతం. ఇక మాటలు కూడా కంప్యూటర్ తీగలోనే పోతాయంట. సర్టిఫికేట్ ఉన్నోడు లేకపోతే కంపెనీవాడు సామాను ఇవ్వనంటన్నాడు. నువ్వు పాసైపో" అన్నారు.

"నాకు యాభై దగ్గరకొచ్చాయండి."

"అయితే ఏటి? యాభైకి కళ్లు పోతాయా? పుస్తకం చదవడమేగా!"

పుస్తకం చదవడమే అయితే నేనూ సంతోషించేవాణ్ని. కానీ ఆ పుస్తకం పేజీ పేజీకీ 'ఇప్పుడు ఇది మీ పరికరాల మీద చేసి చూడండి' అంటుంది. నా దగ్గర పరికరాలు ఎక్కడివి? శిక్షణ ఇచ్చేవాళ్లు చెన్నైలో ఉన్నారు. మధ్యలో బంగాళాఖాతం ఉంది. అలా మా ముందు గదిలో ల్యాబ్ మొదలైంది.

ల్యాబ్ అనే కష్టం

మెయిన్‌ల్యాండ్‌లో ల్యాబ్ కట్టేవాడికి డబ్బుంటే చాలు. మాకు డబ్బు కాకుండా ఓడ కావాలి. చెన్నైలో పాత సామాన్ల దుకాణం నుంచి రెండు రౌటర్లు, తీగలన్నీ కలిపే స్విచ్ పెట్టె ఒకటి, కంప్యూటర్ తీగ మీద మోగే ఐపీ ఫోన్లు నాలుగు తెప్పించాను. ఓడ మూడు వారాలు వాతావరణం బాగోలేక కదల్లేదు. కదిలి వచ్చాక చూస్తే ఫోన్లున్నాయి, వాటికి కరెంటిచ్చే అడాప్టర్లు లేవు. దుకాణం వాడికి ఫోన్ చేస్తే, "స్విచ్ నుంచే కరెంటొస్తుంది సార్" అన్నాడు. వాడు పంపిన స్విచ్ ఆ రకం కాదు. ఇంకో ఓడ, ఇంకో మూడు వారాలు.

రెండో స్విచ్ వచ్చింది. దాని ఫ్యాన్ చప్పుడుకు ముందు గదిలో మనిషి మాట మనిషికి వినబడేది కాదు. బుధవారం సాయంత్రం మా ఇంట్లో స్త్రీల ప్రార్థన కూడిక ఉండేది. పాస్టరమ్మ గారు ప్రార్థన ఎత్తుకోగానే నాలుగు ఫోన్లూ ఒకేసారి మోగాయి. నేను లోపల గదిలో గ్రూపు కాల్ అధ్యాయం చేస్తున్నాను. కూడిక అయ్యాక రూతమ్మ వచ్చి, "ఏమండీ, దేవుడికి కూడా లైను ఇవ్వరా?" అంది. మరుసటి వారం నుంచి కూడిక పక్కింటికి మారింది.

ఇక ఉప్పుగాలి సంగతి. ఏడాదిలో సగం వానలు పడే ఊళ్లో ఇనప పెట్టెలు తెరిచి పెట్టుకుంటే ఏమవుతుందో పుస్తకంలో లేదు. పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టేది. వారానికోసారి పాత టూత్‌బ్రష్‌తో తోమేవాణ్ని. ఒక రౌటర్‌లో బల్లి కాపురం పెట్టింది. అది చచ్చాకే రౌటర్ పోయిందని తెలిసింది. ఎవరు ఎవరిని చంపారో ఇప్పటికీ తేల్చలేకపోయాను.

సాఫ్ట్‌వేర్ దింపుకోవడం ఇంకో నరకం. అప్పటికి సముద్రం అడుగున కేబుల్ రాలేదు, మా ద్వీపాల ఇంటర్నెట్టంతా ఉపగ్రహం మీదే. ఫైలు నాలుగు రోజులు దిగి, ముప్పావు వంతు అయ్యాక ఆగిపోయేది. మళ్లీ మొదటికి. చివరికి వైజాగ్‌లో ఉన్న మా బావమరిది హార్డ్‌డిస్క్‌లో వేసి, ఓడెక్కే తెలిసినవాళ్ల చేత పంపాడు. వాళ్లు దాన్ని ఆవకాయ జాడీ పక్కన పెట్టి తెచ్చారు. నూనె అంటిన హార్డ్‌డిస్క్ పనిచేయడం నా జీవితంలో నేను చూసిన ఒకే ఒక అద్భుతం.

మొదటిసారి ఎందుకు తప్పాను

ఏడాది చదివి, చెన్నై వెళ్లి పరీక్ష రాసి, తప్పి వచ్చాను. ఎందుకు తప్పానో వింటే నవ్వుతారు. మెయిన్‌ల్యాండ్‌వాడు ఎవడూ ఆ తప్పు చేయడు.

ఫోన్‌లో మాట అవతలికి చేరడానికి కాస్త ఆలస్యం అవుతుంది. నూట యాభై మిల్లీసెకన్ల లోపు చేరితే మాట బాగున్నట్టు అని పుస్తకం చెబుతుంది. ఉపగ్రహం మీద పోయే మాటకు దానికి రెట్టింపు పట్టేది. నేను పుట్టింది, పెరిగింది, పెళ్లికి రూతమ్మను ఒప్పించింది ఆ ఫోన్ల మీదే. ద్వీపంలో మనుషులకు ఒక అలవాటుంది. ఒక మాట అంటాం, ఆగుతాం. అవతలివాళ్ల మాట వచ్చేదాకా నోరెత్తం. ఇవతల మేం ఆగితే, వైజాగ్‌లో బావమరిది ఆగలేక "హలో, హలో, ఏం బావా, నోట్లో కిళ్లీ పెట్టుకున్నావా?" అనేవాడు. తొందర వాడిది, మాకు ఏ ఇబ్బందీ లేదు.

పరీక్షలో ఆలస్యం మీద నాలుగైదు ప్రశ్నలు వచ్చాయి. పుస్తకం అంకె నాకు తెలుసు. కానీ చెయ్యి రాలేదు. పుస్తకం నిజమైతే మా ద్వీపాల్లో ఇంతవరకు ఒక్కరూ ఒక్క మంచి ఫోన్ మాట మాట్లాడలేదన్నమాట! మా అమ్మ చనిపోయిన కబురు కూడా ఆ ఫోన్ మీదే విన్నాను, ప్రతి అక్షరం అర్థమైంది. కోపం వచ్చి ప్రతిచోటా మా ద్వీపం జవాబు పెట్టాను. కొద్దిలో పోయింది.

అప్పారావు గారు, "విమానమెక్కి మరీ ఎల్లి తప్పొచ్చావా?" అన్నారు. "అక్కడ వాళ్లేది అడిగితే అది సెప్పాలి గానీ, నీ అభిప్రాయం ఎవడికి కావాలి, భాయ్?"

ఆ మాటలో న్యాయం ఉంది. అదే నన్ను పాడుచేసింది కూడా. అప్పటి నుంచి నా అభిప్రాయాన్ని కట్టి అటక మీద పెట్టాను.

పాసైన వాడి ధీమా

ఆ మధ్యలో సముద్రం అడుగు కేబుల్ వచ్చింది. తర్వాత రంగత్ దాకా ఫైబర్ వేశారు. ఇంటర్నెట్ పరుగెత్తడం మొదలైంది. నేను ల్యాబ్‌ను కొత్తగా కట్టాను. ఈసారి పుస్తకం ఏమంటే అది, అక్షరం పొల్లుపోకుండా.

అందులో ఒక అధ్యాయం నాకు బాగా నచ్చింది. గేట్‌వే అని ఒక పెట్టె ఉంటుంది, బయటికి పోయే కాల్స్‌కు అది ద్వారపాలకుడు. దారిలో ఆలస్యం ఎంతుందో అది ఎప్పటికప్పుడు కొలుస్తుంది. నూట యాభై దాటితే, ఈ దారిన మాట బాగుండదని కాల్‌ను ఆపి, మామూలు ల్యాండ్‌లైన్ మీదుగా పంపుతుంది. మా ఇంటి ల్యాండ్‌లైన్‌ను దానికి తగిలించి, ఒక పాత కంప్యూటర్‌తో దొంగ ఆలస్యం పుట్టించి చూశాను. టక్కున ల్యాండ్‌లైన్ మీదకు మారింది. నేను చేసిన కాల్‌కు వంటింట్లో రూతమ్మ మొబైల్ మోగింది. "ఇదిగో, ఇది చూడు" అని రూతమ్మను పిలిచాను. "ఫోను మోగడం నేను చూళ్లేదా?" అంది.

రెండోసారి పాసయ్యాను. సర్టిఫికేట్‌ను ఫ్రేము కట్టించి ఆఫీసులో పెట్టారు. నెల తిరక్కుండా రంగత్ క్లినిక్ పని వచ్చింది.

ఇక్కడ నెమ్మదిగా చదవండి. రంగత్‌కు ఫైబర్ ఒక్కటే కాదు, అది తెగితే వాడుకోవడానికి క్లినిక్ పైకప్పు మీద ఉపగ్రహం డిష్ కూడా ఉంది. ఫైబర్ పోతే లింకు దానంతటదే డిష్ మీదకు మారుతుంది. నేను వెళ్లి ల్యాబ్‌లో రాసుకున్న సెట్టింగు మొత్తాన్ని అలాగే గేట్‌వేలో అతికించాను. గోడ మీద ల్యాండ్‌లైన్ తీగ కనబడింది, దాన్నీ గుచ్చాను. రిసీవర్ ఎత్తి టోన్ ఉందో లేదో వినలేదు. వాడకం లేదని క్లినిక్‌వాళ్లు ఆ కనెక్షన్‌ను ఏడాది కిందటే మూసేశారు. గోడ మీద మిగిలింది ఉత్త తీగ.

డాక్టరుకు కాల్ చేసి చూపించాను. గొంతు గంట కొట్టినట్టు వచ్చింది. నర్సు మార్తా సిస్టర్, "బహుత్ బఢియా భయ్యా, పక్కనే ఉండి మాట్లాడినట్టుంది" అంది. నేను చాయ్ తాగి సంతకం పెట్టించుకుని పోలీసు కాపలాతో బండ్లన్నీ కలిసి కదిలే మధ్యాహ్నం కాన్వాయ్‌లో ఇంటికొచ్చేశాను. ఫైబర్ తీగ పీకి ఏమవుతుందో చూడలేదు. ఎందుకు చూడలేదంటే ల్యాబ్‌లో చూశానుగా!

కాల్ పోని రోజు

ఆరు నెలల తర్వాత ట్రంక్ రోడ్డు పనిలో ఒక యంత్రం ఫైబర్‌ను తెంపేసింది. సెల్ టవర్ కూడా దాని మీదే ఆధారపడి ఉంది, మొబైళ్లు పడుకున్నాయి. క్లినిక్ లింకు ఉపగ్రహం మీదకు మారింది, అంతవరకు బాగానే ఉంది.

అదే రోజు పదకొండు గంటలప్పుడు ఎర్రయ్య అనే మత్స్యకారుడిని క్లినిక్‌కు తెచ్చారు. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ల తాత కాలంలో వచ్చి స్థిరపడిన కుటుంబం. తన చిన్న పడవ, డోంగీ, ఇంజను బాగుచేస్తుంటే కుడిచెయ్యి రెక్కలో పడింది. రెండు వేళ్లు తెగి వేలాడుతున్నాయి. క్లినిక్ అంబులెన్స్ పోర్ట్ బ్లెయిర్‌కు కదలాలంటే డాక్టరు ఫోన్‌లో సరే అనాలి, అది వాళ్ల నియమం. పైగా రోడ్డు జార్వా ఆదివాసుల అడవిలోంచి పోతుంది, కాన్వాయ్ వేళలకు తప్ప గేటు తెరవరు.

మార్తా సిస్టర్ ఫోన్ ఎత్తి నంబర్ నొక్కింది. నా గేట్‌వే దారిని కొలిచింది. ఆలస్యం నూట యాభై దాటింది. ఈ దారిన మాట బాగుండదని కాల్‌ను ఆపింది. ల్యాండ్‌లైన్ మీదకు పంపింది. అక్కడ లైనే లేదు. ఆమెకు ఎంగేజ్ టోన్ వినిపించింది. డాక్టరు ఎవరితోనో మాట్లాడుతున్నారనుకుని మళ్లీ చేసింది. మళ్లీ మళ్లీ చేసింది. రెండు గంటలు చేసింది. చివరికి నియమం గంగలో కలిస్తే కలవనీ అని తనే అంబులెన్స్ ఎక్కించింది. వాళ్లు గేటు చేరేసరికి ఆ రోజు ఆఖరి కాన్వాయ్ వెళ్లిపోయింది. ఎర్రయ్య మర్నాడు ఆసుపత్రికి చేరాడు. ఆ రెండు వేళ్లూ తీసేశారు.

ఉపగ్రహం మీద ఆ కాల్ పోయుంటే డాక్టరు మాట కాస్త ఆలస్యంగా వచ్చేది. అంతే. సిస్టర్ ఆగేది, డాక్టరు ఆగేవాడు. జీవితమంతా ఆగి మాట్లాడిన మనుషులు వాళ్లు. 'పంపండి' అన్న ఒక్క మాట చాలు. దానికి నాణ్యత తక్కువని నేను, ఒక ద్వీపంవాణ్ని, గడియ పెట్టాను.

గేట్‌వే రికార్డు తీసి చూస్తే అంతా ఉంది. పద్దెనిమిది కాల్స్, ప్రతిదాని పక్కన తిరస్కరించిన కారణం. కాగితం పట్టుకుని అప్పారావు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన చాలాసేపు చూసి, "ఫైబర్ తెగింది కదా?" అన్నారు.

"తెగిందండి. కానీ..."

"తెగింది. అది అబద్ధం కాదు కదా? రిపోర్టులో అదే రాయి. నువ్వు ఇంకోటి రాస్తే క్లినిక్ పోద్ది, నీ ఉద్యోగం పోద్ది, ఆడి సేతి ఏళ్లయితే తిరిగి రావు."

అదే రాశాను. రంగత్ వెళ్లి ఆ సెట్టింగు తీసేశాను, నిమిషం పట్టలేదు. ఆసుపత్రిలో ఎర్రయ్యను చూడ్డానికి ఆపిల్ పళ్లు పట్టుకెళ్లాను. "కేబుల్ తెగిపోతే ఎవురేటి సేస్తారు సార్" అని అతనే నన్ను ఓదార్చాడు. నేను తలూపాను. ఆ తల ఊపడం నాకు ఇప్పటికీ సిగ్గు.

ఎర్రయ్య అడిగింది

రిటైరై రెండేళ్లయ్యాక, పోయిన నెల, ఇక మోయలేక రంగత్ బస్సెక్కాను. ఎర్రయ్య ఇంటి ముందు కూర్చుని వల బాగుచేస్తున్నాడు. దారాన్ని బొటనవేలికి చుట్టి పళ్లతో బిగిస్తున్నాడు. పక్కన కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కేబుల్ తెగిన మాట నిజమే, కానీ ఇంకో దారి ఉంది, దాన్ని మూసింది నేను అని.

అతను చెయ్యి ఆపలేదు. ఇంకో ముడి బిగించి, "ఇప్పుడెందుకు సెప్తన్నారు?" అన్నాడు.

"చెప్పకుండా ఉండలేకపోయాను."

"సెప్పేసినారు. మీకు తేలికైపోనాది. నాకేటొచ్చింది?"

అతను వల పక్కన పెట్టాడు.

"మరిప్పుడు ఎవుడికైనా అలాగైతే ఫోను పోద్దా?"

"పోతుంది. ఆ సెట్టింగు అప్పుడే తీసేశాను."

"పక్కా?"

"పక్కా."

"పదండి. కేబుల్ పీకి సూపించండి."

మార్తా సిస్టర్ ఇంకా అక్కడే ఉంది. జుట్టు నెరిసింది. రోగులు వెళ్లేదాకా ఆగమని, ఆ తర్వాత సరేనంది. గోడ మూల అల్మారా తెరిచి ఫైబర్ తీగ పీకాను. డిష్ పెట్టె మీద పచ్చ దీపం వెలిగేదాకా ముగ్గురం నిలబడ్డాం. వెలిగింది. ఎర్రయ్య రిసీవర్‌ను ఎడమచేత్తో ఎత్తి, సిస్టర్ చెప్పిన నంబరు కుడిచేతికి మిగిలిన వేళ్లతో ఒక్కొక్కటే నొక్కాడు.

విన్నాడు. మళ్లీ నొక్కాడు. రిసీవర్ నా చెవికి పెట్టాడు. ఎంగేజ్ టోన్.

అప్పుడు అల్మారాలోకి సరిగ్గా చూశాను. నేను పెట్టిన గేట్‌వే లేదు, కొత్త పెట్టె ఉంది.

"ఇది ఎవరు పెట్టారు సిస్టర్?"

"నయే లడ్కే భయ్యా, కొత్త కుర్రాళ్లు, పోయిన వానల్లో మార్చారు. మీ దగ్గరే నేర్చుకున్నామని, మీ ల్యాబ్ ఫైలే వేశామని చెప్పారు. మీ పేరు చెప్పారని నేనింకేం అడగలేదు."

అవును. లిస్టుతో పాటు సెట్టింగుల ఫైలు కూడా కావాలంటే పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేవాణ్ని. పరీక్ష పాసైన ఫైలు. రంగత్‌లో ఒక్క పెట్టెలో తీసేసిన, ఆలస్యం చూసి కాల్ ఆపే ఆ వరుసను నా సొంత ఫైలులోంచి తీయాలని నాకు ఒక్కరోజూ తోచలేదు. ఎన్ని పెన్‌డ్రైవ్‌లు ఇచ్చానో, అవి ఏ ఏ ద్వీపాలకు పోయాయో నాకు తెలియదు. వాటిని తీసుకున్నవాళ్లు ఇది చదువుతుంటే, మొదట లేచి వెళ్లి తీగ పీకి చూడండి.

రిసీవర్ ఇంకా నా చేతిలోనే ఉంది. ఎర్రయ్య దాన్ని నా చేతిలోంచి తీసి దాని చోట పెట్టాడు.

"పక్కా అన్నారు కదా సార్" అన్నాడు.